గ్రీకుకి సరే, హీబ్రూకి కాస్త ఆగండి: కడపలో తయారవుతున్న బైబిలు భాషల యాప్‌పై రివ్యూ

ముందే చెప్పేస్తాను, చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్లు ఇక్కడితో వెళ్లిపోవచ్చు. ఈ యాప్‌లో గ్రీకు భాగం చాలా బాగుంది, డబ్బు కట్టమన్నా కట్టి వాడతాను. హీబ్రూ భాగం ఇంకా పచ్చిగానే ఉంది. రెండూ ఒకే మనిషి చేసినవే, అయినా ఇంత తేడా ఎందుకొచ్చిందో వాడుతూ వాడుతూ ఉంటే అర్థమైంది. గ్రీకు పాఠాలు తెలుగులో ఆలోచించి రాశాడు, హీబ్రూ పాఠాలు ఏదో ఇంగ్లీషు పుస్తకం పక్కన పెట్టుకుని తెలుగులోకి దింపాడు. నా గొడవంతా దాని గురించే.

యాప్‌కి పేరు ఇంకా ఖరారు కాలేదు. ప్లే స్టోర్‌లో లేదు, తెలిసినవాళ్లకు వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపిస్తున్నాడు. చేసేది మా కడప కుర్రాడే, బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచి పని చేస్తూ రాత్రిపూట ఇది కట్టుకుంటున్నాడు. ఒకప్పుడు నా దగ్గర తెలుగు చదువుకున్నాడు, అది కూడా ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే "మీ స్టూడెంటు కాబట్టి పొగిడారు మేడం" అని ఎవరో ఒకరు కింద మొదలుపెడతారు. నిజానికి వాడికి నా దగ్గర పొగడ్తల కంటే తిట్లే ఎక్కువ దక్కాయి, అప్పుడూ ఇప్పుడూ.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పాత నిబంధనలో దాదాపు అంతా హీబ్రూ. దానియేలు 2:4 నుంచి ఏడో అధ్యాయం చివరిదాకా, ఎజ్రాలో కొంత, యిర్మీయా 10:11 ఒక్క వచనం, ఇలాంటి కొన్ని చోట్ల అరామిక్ ఉంటుంది. కొత్త నిబంధన మొత్తం గ్రీకు, అదీ ఇప్పుడు ఏథెన్సులో మాట్లాడే గ్రీకు కాదు, కొయినే అనే పాత వాడుక గ్రీకు. డుయోలింగోలో హీబ్రూ ఉంది కదా, గ్రీకు ఉంది కదా అని చాలామంది అడుగుతారు. ఉన్నాయి, కానీ రెండూ నేటి భాషలు. ఇజ్రాయెల్లో బస్సు టికెట్ అడగడానికి పనికొస్తాయి, యెషయా చదవడానికి చాలవు. ఇక బైబిలు భాషల కోసమే చేసిన పెద్ద సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, వాటి ధర చూస్తే మన పల్లెటూరి సంఘ కాపరికి కళ్లు తిరుగుతాయి. కేంబ్రిడ్జిలోని టిండేల్ హౌస్ వాళ్లు చేసిన స్టెప్ బైబిల్ ఉచితమే, చాలా మంచిది కూడా, కానీ అందులో పదం నొక్కితే వచ్చే వివరం ఇంగ్లీషు గట్టిగా వచ్చినవాళ్లకే ఎక్కుతుంది.

అసలు చిక్కు అక్కడే ఉంది. బి.డి. (దైవశాస్త్ర డిగ్రీ) చదివే పిల్లలు మా చర్చిలో ఇద్దరు ముగ్గురు ఉన్నారు, పదో తరగతి దాకా తెలుగు మీడియం. వాళ్ల చేతిలో పెట్టే గ్రీకు వ్యాకరణం ఇంగ్లీషులో ఉంటుంది. అంటే గ్రీకు జెనిటివ్ (మన షష్ఠి) తెలియాలంటే ముందు ఇంగ్లీషు జెనిటివ్ తెలియాలి, ఇంగ్లీషులో విభక్తులు ఎప్పుడో అరిగిపోయాయి కాబట్టి ఆ పుస్తకం రాసినాయన పాపం పది పేజీలు పెట్టి విభక్తి అంటే ఏమిటో చెప్పుకోవాలి. షష్ఠీ విభక్తిని ఎనిమిదో తరగతిలోనే బట్టీ పట్టిన పిల్లవాడు ఆ పది పేజీలూ ఇంగ్లీషులో కష్టపడి చదివి, చివరికి తనకు ముందే తెలిసిన విషయం దగ్గరికి చేరతాడు.

ఈ యాప్ ఆ పది పేజీలనూ ఒక్క తెరతో తేల్చేసింది. గ్రీకు మూడో పాఠంలో ఒక పెట్టె ఉంటుంది, అందులో లొగొస్ అనే పదం. మీరు చివరి అక్షరాల మీద వేలు పెట్టి పక్కకు జరిపితే రూపం మారుతుంది, దాంతోపాటే కింద తెలుగు కూడా మారుతుంది. లొగొస్, వాక్యము. లొగొన్, వాక్యమును. లొగూ, వాక్యము యొక్క. లొగో, వాక్యమునకు. లొగె, ఓ వాక్యమా. ప్రథమ, ద్వితీయ, షష్ఠి, చతుర్థి, సంబోధన ప్రథమ, అంతే, గ్రీకులో ఉన్నవి ఆ అయిదే. మా చర్చిలో డిగ్రీ చదివే అమ్మాయికి ఫోను ఇస్తే ఒక నిమిషం అటూ ఇటూ జరిపి "ఓస్ ఇంతేనా" అంది. ఇంతే. దీన్ని దాచిపెట్టి ఇన్నాళ్లూ పిల్లల్ని భయపెట్టారు.

మిగతా విభక్తులు ఏమయ్యాయని అడిగే నాలాంటి వాళ్లకూ జవాబు ఉంది. యోహాను సువార్త మొదటి మాటలు "ఎన్ ఆర్ఖే". మన బైబిల్లో "ఆదియందు". అందు అంటే సప్తమి కదా, మరి గ్రీకులో చతుర్థి రూపం ఎందుకుంది? ఆ పదం పక్కన చిన్న ప్రశ్నార్థకం గుర్తు ఉంటుంది, నొక్కితే వస్తుంది: సంస్కృతంలో వేరువేరుగా నిలిచిన తృతీయ, సప్తమి పనులు గ్రీకులో చతుర్థిలో కలిసిపోయాయి, పంచమి పని షష్ఠిలో కలిసింది. నాలుగు వాక్యాలు కూడా లేవు. ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం తీసుకుని, పరీక్ష మర్నాడే మర్చిపోయిన లక్షల మంది ఉన్నారు మన రాష్ట్రంలో, వాళ్లకు ఆ చదువు మొదటిసారి అక్కరకొచ్చే చోటు ఇదే అనుకుంటా. భూతకాలం క్రియ ముందు సంస్కృతంలో 'అ' వచ్చి చేరుతుంది కదా, గచ్ఛతి అగచ్ఛత్ అవుతుంది, అలాగే గ్రీకులో 'ఎ' వచ్చి చేరుతుంది, లూఓ అన్నది ఎలూసా అవుతుంది. ఆత్మనేపదం, అంటే పని ఫలం చేసినవాడికే చెందుతుందని చెప్పే క్రియారూపం, లాంటిది కూడా గ్రీకులో ఉంది. ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని మిడిల్ వాయిస్ అంటారు, ఇంగ్లీషులో అలాంటిది లేదు కాబట్టి అక్కడా పేజీలకు పేజీలు. ఇక్కడ ఒక గీత.

నాకు బాగా నచ్చిన ఆట ఇంకొకటి ఉంది. యోహాను 3:16 తీసుకుంటాడు. "హూతోస్ గార్ ఎగాపేసెన్ హొ థెఒస్ తొన్ కొస్మొన్", దేవుడు లోకమును ఎంతో ప్రేమించెను అనే ముక్క. పదాలన్నీ చీటీల్లా తెర మీద ఉంటాయి, మీ ఇష్టమొచ్చినట్టు అటు ఇటు మార్చండి అంటుంది యాప్. మారిస్తే ప్రతిసారీ అడుగుతుంది: ఎవరు ఎవరిని ప్రేమించారు? ఎలా మార్చినా జవాబు ఒకటే, ఎందుకంటే 'తొన్ కొస్మొన్' అన్నదాంట్లో మన 'ను' కూర్చుని ఉంది. లోకమును దేవుడు ప్రేమించెను, ప్రేమించెను దేవుడు లోకమును, మనకు ఏదైనా తెలుస్తుంది. ఇంగ్లీషులో ఇదే ఆట ఆడితే లోకమే దేవుణ్ణి ప్రేమించినట్టు అయిపోతుంది. ఈ ఒక్క ఆట ఆడిన తర్వాత గ్రీకు వాక్యం పొడవు చూసి బెదిరిపోవడం తగ్గుతుంది. ఆర్టికల్ కోసం కూడా మంచి ఏర్పాటు చేశాడు. మన భాషలో ఆర్టికల్ లేదు, గ్రీకులో దానికి ఇరవై నాలుగు రూపాలు, కాబట్టి బట్టీ తప్పదు. హొ, హే, తొ, తూ, తేస్, తూ అని చప్పట్ల లయ మీద చదివించాడు. మా సండే స్కూల్ పిల్లలు అర్థం తెలియకుండానే పాడేస్తున్నారు, రామః రామౌ రామాః మనం పాడలేదా.

ఇక లిపి సంగతి. గ్రీకులో ఎప్సిలాన్, ఈటా వేరు, ఒమిక్రాన్, ఒమేగా వేరు. ఒకటి పొట్టి ఎ, ఒకటి పొడుగు ఏ. ఒకటి ఒ, ఒకటి ఓ. ఇంగ్లీషు అక్షరాల్లో ఇది చూపించాలంటే పైన గీతలు పెట్టుకోవాలి, మనకు అక్షరాలే ఉన్నాయి. థీటా, ఫై, ఖై అనే మూడక్షరాలకు పాతకాలంలో ఉన్న ఒత్తు ఉచ్చారణ మన థ, ఫ, ఖ లతో అచ్చంగా సరిపోతుంది. ఇది యాప్‌లో చక్కగా చెప్పాడు. చెప్పి, వెంటనే చెడగొట్టాడు కూడా, ఎందుకంటే వినిపించే గొంతు ఫోనులో ఉచితంగా దొరికే మిషను గొంతు, అది నేటి గ్రీకు చదువుతుంది. నేటి గ్రీకులో ఈటా 'ఈ' అయిపోయింది, పొట్టి పొడుగు తేడా పోయింది. తెర మీద 'ఆర్ఖే' అని కనిపిస్తుంటే చెవికి 'ఆర్హీ' అని వినిపిస్తుంది. నేర్చుకునేవాడు కళ్లను నమ్మాలా చెవుల్ని నమ్మాలా? బైబిలు కాలేజీల్లో ఎక్కువగా చెప్పేది ఎరాస్మస్ అనే డచ్చి పండితుడి పద్ధతి, 1528లో ఆయన ప్రతిపాదించిన ఉచ్చారణ దగ్గర మొదలైనది. దాన్ని పెట్టుకో, లేదా నేటి గ్రీకు పద్ధతే పెట్టుకుని తెర మీద కూడా అలాగే రాయి, రెండూ కలపకు అని చెప్పాను. "మనిషి గొంతుతో రికార్డు చేయించాలి మేడం, టైం పడుతుంది" అన్నాడు. పట్టనీ.

పదాల అభ్యాసం గురించి కూడా చెప్పాలి. గ్రీకు కొత్త నిబంధనలో మొత్తం సుమారు 1,38,000 మాటలుంటే, వేరువేరు పదాలు మాత్రం 5,400 దాకా ఉంటాయి. వాటిలో యాభై సార్లకు మించి వచ్చేవి మూడు వందల పైచిలుకు. ఆ మూడు వందలు వస్తే పుస్తకంలో దాదాపు 80 శాతం మాటలు తెలిసినట్టే. యాప్ ముందు వాటినే పట్టుకుంటుంది. బాగా వచ్చిన పదాన్ని నాలుగు రోజులకో వారానికో అడుగుతుంది, రానిదాన్ని రేపే అడుగుతుంది. ఆంకి అనే కార్డుల యాప్ వాడినవాళ్లకు తెలిసిన పద్ధతే, కొత్తేం కాదు, కానీ అర్థాలు తెలుగులో ఉండటం కొత్త. అర్థాలన్నీ వాడే కూర్చుని రాశాడట, రాసిన తెలుగు బాగుంది, ఎక్కడో ఒకటి రెండు చోట్ల తప్ప గ్రాంథికం దట్టించలేదు. రెండు మూడు రోజులు తెరవకపోతే మాత్రం పదాలు గుట్టగా పేరుకుపోతాయి, ఆ గుట్ట చూస్తేనే మళ్లీ తెరవబుద్ధి కాదు. రోజుకు ఇంతకు మించి అడగవద్దు అని చెప్పుకునే వీలు పెట్టాలి.

ఇందులో ఒక తమాషా ఉంది. వరుసగా ఎన్ని రోజులు చదివితే అంత పెద్ద మంట బొమ్మ వస్తుంది, ఒక్క రోజు మానేస్తే సున్నా. వాడుతున్నవాళ్లలో సగానికి సగం పాస్టర్లు. ఆదివారం వాళ్లకు ఊపిరాడని రోజు. పొద్దున ఆరాధన, మధ్యాహ్నం ఇంకో ఊర్లో కూడిక, సాయంత్రం ఎవరింట్లోనో ప్రార్థన. ఫలితంగా ప్రతి సోమవారం ఉదయం యాప్ వాడేవాళ్ల గ్రూపులో అయ్యగార్ల ఏడుపు, "నా మంట ఆరిపోయింది బ్రదర్" అని. బైబిలు భాషల యాప్‌కి విశ్రాంతి దినం లేకపోవడం ఏమిటి నాయనా అంటే నవ్వేసి వారానికి ఒక రోజు సెలవు పెట్టుకునే మీట చేర్చాడు. ఇప్పుడు గ్రూపు కాస్త ప్రశాంతంగా ఉంది.

సరే, హీబ్రూ.

మొదటి మెట్టు బాగానే ఉంది. అక్షరాలు ఇరవై రెండు, వేలితో దిద్దించే పద్ధతి. దాలెత్‌కి పైన కుడి మూల కోసుగా పొడుచుకొస్తుంది, రేష్‌కి అదే మూల గుండ్రంగా తిరుగుతుంది, అంతే తేడా, కళ్లజోడు లేకుండా చూస్తే రెండూ ఒకటే. హే అక్షరానికి ఎడమ కాలు పైకప్పును తాకదు, ఖేత్‌కి తాకుతుంది. ఇలాంటి జంటల్ని పక్కపక్కన పెట్టి, మీరు దిద్దిన గీత ఆ మూల దగ్గర తేడాగా తిరిగితే అక్కడే ఎర్ర చుక్క పెట్టి ఆపుతుంది. కుడి నుంచి ఎడమకు రాయడం రెండు పాఠాల్లో చేతికి అలవాటైపోతుంది. మాట చివర రూపం మార్చుకునే అయిదు అక్షరాలకు విడిగా అభ్యాసం ఉంది. ఇక్కడిదాకా వంక పెట్టడానికి లేదు.

అచ్చుల గుర్తుల దగ్గరకు వచ్చేసరికి నాకు ఒళ్లు మండింది. పతఖ్ అనే గుర్తుకు వివరణ ఇలా ఉంది: "ఫాదర్ అనే పదంలో 'ఆ' లాగా". ఇంకో గుర్తుకు "బెడ్ అనే పదంలో 'ఎ' లాగా". ఇదేం తెలుగు యాప్? అ, ఆ, ఎ, ఏ అన్నీ మన బడిలో మొదటి రోజే నేర్పిస్తారు, పతఖ్ అంటే 'అ' అని ఒక్క అక్షరం రాస్తే పోయేదానికి ఇంగ్లీషు నాన్నను పిలిచాడు. అసలు ఈ గుర్తులన్నీ గుణింతాలే. హల్లు కింద, పైన, పక్కన పెట్టే గుర్తులు. హీబ్రూ మొదట హల్లులతోనే రాసేవారు, చదివే తీరు మరుగున పడిపోకుండా తిబెరియ పట్టణంలోని మసోరెతులు అనే యూదు పండితులు సుమారు ఏడో శతాబ్దం నుంచి పదో శతాబ్దం మధ్యలో ఈ గుర్తులు చేర్చి స్థిరపరిచారు. మనకు గుణింతం లేని హల్లులో 'అ' దాగి ఉంటుంది, హీబ్రూలో గుర్తు లేకపోతే అక్కడ ఏ అచ్చు ఉందో రాత చెప్పదు, తేడా అదొక్కటే. ఇంత చెప్తే తెలుగువాళ్లు అరగంటలో పట్టుకుంటారు. గుణింతం పట్టిక లాగా అడ్డంగా నిలువుగా వేసి చూపించు అబ్బీ అంటే తల గోక్కున్నాడు, "నిజమే మేడం, తట్టలేదు" అన్నాడు. గ్రీకులో విభక్తులు తట్టినవాడికి ఇక్కడ గుణింతం తట్టకపోవడమే నాకు ఆశ్చర్యం. ఇంగ్లీషు పుస్తకం ఎదురుగా ఉంటే అలాగే అవుతుంది.

క్రియల దగ్గరా అదే వరస. హీబ్రూ క్రియకు ప్రధానంగా ఏడు మూసలుంటాయి, మూడు హల్లుల ధాతువును వాటిలో పోస్తే అర్థం మారుతుంది. హిఫీల్ అనే మూస గురించి యాప్‌లో ఒకటిన్నర పేజీ వివరణ, చదివితే తల తిరుగుతుంది. మన భాషలో తిను, తినిపించు. చేయు, చేయించు. హిఫీల్ ఎక్కువగా చేసే పని అదే. ఆఖల్ అంటే తిన్నాడు, హెఎఖీల్ అంటే తినిపించాడు. తెలుగు టీచరు ఎవరినడిగినా ప్రేరణార్థకం అని ఒక్క ముక్కలో చెప్పేవారు. ఆదికాండము మొదటి వచనంలో 'ఏత్' అనే చిన్న మాట వస్తుంది, బెరేషీత్ బారా ఎలోహీమ్ ఏత్ హష్షామాయిమ్ వెఏత్ హాఆరెత్స్. అది మన 'ను' చేసే పనే చేస్తుంది, కాకపోతే ముందు నిలబడుతుంది. యాప్ దీన్ని "అనువదించబడని కర్మ సూచిక" అంది. ఆ మూడు మాటలు తెలుగని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇప్పుడు కడపకే ప్రత్యేకమైన సంగతి ఒకటి. మా స్కూల్లో ఉర్దూ చెప్పే సార్ ఉన్నారు. స్టాఫ్ రూంలో నేను వేలితో దిద్దుతుంటే పక్కనుంచి చూసి, "మేడం, ఇది మాదే కదా" అని ఫోను తీసుకున్నారు. కుడి నుంచి ఎడమకు చదవడం, పొట్టి అచ్చులు రాయకపోవడం, మూడు హల్లుల ధాతువు, ఇవేవీ ఆయనకు కొత్త కాదు. ఉర్దూలో కితాబ్, కాతిబ్, మక్తబ్ ఒకే ధాతువు పిల్లలని ఆయన రోజూ చెప్పే పాఠమే, అవి అరబ్బీ నుంచి వచ్చినవి, హీబ్రూ అరబ్బీకి చుట్టం. హీబ్రూలో కాతవ్ అంటే రాశాడు, మిఖ్తావ్ అంటే రాత, ఉత్తరం. అయన్, ఖేత్ అక్షరాల దగ్గరైతే యాప్‌లోని గొంతు కంటే ఆయన గొంతే నయం. యాప్‌ది మళ్లీ మిషను గొంతే, నేటి ఇజ్రాయెల్ హీబ్రూ. అందులో చాలామంది అయన్ పలకరు, ఖేత్, ఖాఫ్ రెండూ ఒకేలా పలుకుతారు, తేత్, తావ్ తేడా ఉండదు. ఖురాన్‌ను తజ్వీద్ (ఉచ్చారణ నియమాలు) ప్రకారం చదివి అలవాటున్న నోటికి గొంతు లోపలి అక్షరాలు ఇట్టే వస్తాయి. అమీన్ పీర్ దర్గా ఉన్న ఊరు ఇది, వీధికొకరు ఉర్దూ చదివేవాళ్లు దొరుకుతారు, సలాము, మాలిక్, కితాబు మనందరి నోళ్లలో నానే మాటలు, అయినా యాప్‌లో అరబ్బీ ఊసు ఒక్కటి లేదు. ఇంగ్లీషు పుస్తకంలో లేదు మరి. కడపలో చేసిన హీబ్రూ పాఠం లండన్‌లో చేసినట్టు ఉంటే కడపలో చేయడం దేనికి? సార్‌ని కలువు, అక్షరాల వరకైనా ఆయన గొంతు తీసుకో అని చెప్పాను. సార్‌కి అభ్యంతరం లేదు, పైగా ఉత్సాహంగా ఉన్నారు.

త్సాదే అనే అక్షరాన్ని 'త్స' అని రాశాడు. చాప, చుక్క, చల్ల అన్నప్పుడు మన నోట్లో పలికే చ అదే కదా. దానికి ౘ అనే అక్షరం మన లిపిలో ఉంది, ఫోను ఫాంట్లలో కూడా ఉంది. బ్రౌన్ దొర తన నిఘంటువులో ఈ రెండు చ ల తేడా పట్టించుకుని చూపించాడు. ఆయనకు చిన్నప్పుడే వాళ్ల నాన్న హీబ్రూ నేర్పించాడంటారు, 1820లో ఉద్యోగం మీద మా ఊరికే వచ్చాడు, ఇక్కడే పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టి తాళపత్రాలు వెతికించాడు. ఎర్రముక్కపల్లెలో ఆయన పేరు మీద గ్రంథాలయం ఉంది, కుర్రాడి ఇంటికి పెద్ద దూరం కూడా కాదు. ఒకసారి వెళ్లి ఆ నిఘంటువు తిరగేయమన్నాను.

సాంకేతికంగా చూస్తే హీబ్రూలో పెద్ద చికాకు వరుసలు కలగాపులగం కావడం. హీబ్రూ కుడి నుంచి, తెలుగు ఎడమ నుంచి. రెండూ ఒకే గీతలో వస్తే ఫోను తికమకపడుతుంది. వచనం సంఖ్య ఎగిరి అవతలి చివరకు పోతుంది, పూర్ణవిరామం వాక్యం మొదట్లో వచ్చి కూర్చుంటుంది. మా అయ్యగారి పాత ఫోనులో ఇంకో వింత, అచ్చు గుర్తులు అక్షరం కింద నిలవకుండా పక్క అక్షరం కిందికి జారాయి. యాప్‌తోపాటే మంచి హీబ్రూ ఫాంటు ఇచ్చేస్తే పోతుంది, ఎజ్రా ఎస్ఐఎల్ లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. తెలుగు, హీబ్రూ ఒకే గీతలో పెట్టకుండా పైన ఒకటి కింద ఒకటి పెడితే మొదటి గొడవ కూడా చాలావరకు తీరుతుంది.

మూల పాఠం ఎక్కడిదని అడిగేవాళ్లుంటారు, అడగాలి కూడా. హీబ్రూకి లెనిన్‌గ్రాడ్ ప్రతి, క్రీ.శ. 1008 ప్రాంతంలో రాసిన చేతిరాత ప్రతి, దాని డిజిటల్ రూపం ఎవరైనా వాడుకోవచ్చు. ప్రతి పదానికి వ్యాకరణ గుర్తులు వేసిన ఓపెన్ స్క్రిప్చర్స్ వాళ్ల డేటా కూడా ఉచితమే. గ్రీకుకి ఎస్‌బీఎల్ అనే బైబిలు పండితుల సంఘం 2010లో తెచ్చిన పాఠం. కాలేజీల్లో వాడే నెస్లే-ఆలండ్ పాఠానికి హక్కులున్నాయి, అనుమతి లేకుండా యాప్‌లో పెట్టకూడదు. ఈ వివరాలన్నీ యాప్‌లో ఒక పేజీలో శుభ్రంగా రాశాడు, అది నాకు నచ్చింది. పక్కన తెలుగు బైబిలు వచనం పెట్టలేదేమంటే దానికీ అనుమతి అడగాలి, అడుగుతున్నా అన్నాడు.

ఒక్క విషయంలో మాత్రం మా ఇద్దరికీ పడటం లేదు. చదివే విభాగంలో ఏ పదం నొక్కినా వెంటనే అర్థం వచ్చేస్తుంది, అదీ నాలుగైదు అర్థాల జాబితా. ఇక ఎవరు నేర్చుకుంటారు? నొక్కుకుంటూ పోతే ఒక అధ్యాయం అయిపోతుంది, చదివిన తృప్తి ఉంటుంది, ఫోను పక్కన పెడితే ఒక్క పదం గుర్తుండదు. అంతకంటే పెద్ద ప్రమాదం ప్రసంగాల్లో ఉంది. "గ్రీకు మూలంలో దీని అర్థం ఏమిటంటే ప్రియులారా" అని మొదలుపెట్టే ప్రసంగికులకు మన దగ్గర కొదవ లేదు. వాళ్ల చేతికి నాలుగైదు అర్థాల జాబితా ఇస్తే తమ ప్రసంగానికి ఏది పనికొస్తే దాన్ని ఏరుకుంటారు. ఆ వాక్యంలో ఆ పదం ఏ విభక్తిలో ఉందో, ఏ క్రియకు అంటుకుందో చూడనే చూడరు. అందుకే ముందు విభక్తి అడుగు, లేదా క్రియ అయితే కాలం అడుగు, జవాబు చెప్పాకే అర్థం చూపించు, అదీ ఆ వచనానికి సరిపోయే అర్థం పైన పెట్టి, అని నా వాదన. "అలా చేస్తే సగం మంది పారిపోతారు మేడం" అంటాడు. పారిపోనీ. మిగిలిన సగం మందికి గ్రీకు వస్తుంది. ఇంకా తేలలేదు, వచ్చే వెర్షన్‌లో రెండు పద్ధతులూ పెట్టి ఎవరికి కావలసింది వాళ్లు ఎంచుకునేలా చేస్తానంటున్నాడు. సర్దుబాటు సమాధానమే, చూద్దాం.

చిన్నాచితకా సంగతులు గబగబా. నెట్ లేకుండా పని చేస్తుంది, మైదుకూరు అవతల పల్లెల్లో ఉండే సేవకులకు ఇది పెద్ద వరం. సైజు తక్కువే. రాత్రి చదివేవాళ్లకు నల్ల తెర ఉంది, కానీ అందులో హీబ్రూ గుర్తులు బూడిద రంగులో పడి కనిపించడం లేదు. అరామిక్ అని ఒక బటన్ ఉంది, నొక్కితే "త్వరలో" అంటుంది, అప్పటిదాకా ఆ బటన్ తీసేస్తే బాగుంటుంది. తరగతిలా నడుపుకునే ఏర్పాటు ఉంది, ఒకరు పాఠం ఇస్తే మిగతావాళ్లు చేసి పంపవచ్చు, మా చర్చిలో బుధవారం సాయంత్రం అలాగే నడుస్తోంది, అది బాగుంది. ఇప్పటికి ఉచితం, తర్వాత ధర పెడతాడట. పెట్టనీ, కానీ బైబిలు కాలేజీ పిల్లలకు తగ్గించి ఇవ్వాలి.

గ్రీకుకి అయిదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర మార్కు గొంతు కోసం కోత. హీబ్రూకి రెండు, అదీ అక్షరాలు దిద్దించినందుకు. బి.డి. మొదటి ఏడాది పిల్లలు గ్రీకు భాగం ఇప్పుడే వేసుకోండి, కాలేజీ పుస్తకం పక్కన పెట్టుకుని చదివితే ఇంకా మంచిది. హీబ్రూ కావాలంటే అక్షరాల వరకు దీంట్లో దిద్దుకుని, ఆ తర్వాత యూట్యూబ్‌లో ఆలెఫ్ విత్ బెత్ అని ఉచిత పాఠాలున్నాయి, వాటితో కానివ్వండి, అందులో ఇంగ్లీషు బాధ కూడా పెద్దగా ఉండదు, బొమ్మలు చూపిస్తూ హీబ్రూలోనే చెప్తారు. ఐఫోను వాళ్లకు ఈ యాప్ ఇంకా లేదు. ఆండ్రాయిడ్ వాళ్లు ఏపీకే వేసుకునేటప్పుడు ఫోను ఒక హెచ్చరిక చూపిస్తుంది, పంపింది ఎవరో తెలిస్తేనే ఒప్పుకోండి, ఎవరో ఫార్వర్డ్ చేసిన ఫైలు మాత్రం వేసుకోవద్దు.